గని కాలనీలో సర్దార్ కనకయ్య

మా మామయ్య కనకయ్య జర్మనీకి వచ్చిన మూడో రోజునే నా గురించి ఒక మాట అన్నాడు. "ఇంటర్ ఫేలయిన పిల్లను చేసుకొని వీడు ఈడిదాక వచ్చిండంటే గొప్పే." నేను పొయ్యి దగ్గర ఉన్నాను. ఫేల్ కాలేదు, రెండో ఏడు పరీక్షలకు ముందే పెళ్లి చేశారు అని చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. జవాబివ్వడం నాకు అలవాటు లేదు, వినడం ఆయనకు అలవాటు లేదు.

అది 2020 ఫిబ్రవరి. మా అత్తయ్య పోయిన ఏడాదికి, కొడుకు దగ్గర మూడు నెలలుండి పోదామని వచ్చాడు. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. మంచిర్యాల జిల్లా మందమర్రిలో ముప్పై ఆరేళ్లు బొగ్గుబాయిలో పనిచేసిన మనిషి, ఇక్కడ నాలుగు గోడల మధ్య మా ఇద్దరి ముఖాలు చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది.

మేముండే ఊరు ఆల్ట్‌ష్టోలెన్. మాగ్డెబర్గ్‌కు నలభై కిలోమీటర్లు. రెండు వరుసల ఇళ్లు, ఒక రొట్టెల దుకాణం, రోజుకు నాలుగుసార్లు వచ్చే బస్సు, అంతే. ఒకప్పుడు ఇక్కడ ఉప్పు గని ఉండేది. ఆ పనివాళ్ల కోసం కట్టిన కాలనీ ఇది. 1991లో గని మూసేశారు. ఇళ్ల వెనక తవ్విపోసిన గుట్ట ఒకటి మిగిలింది. బూడిద రంగులో ఉంటుంది, దాని మీద గడ్డి కూడా మొలవదు.

ఒక్కో కట్టడంలో రెండిళ్లు. నడిమి గోడ ఇద్దరికీ ఒకటే. ఎడమ సగంలో మేం అద్దెకుండేవాళ్లం, కుడి సగంలో ఇంటాయన క్రామర్ ఒక్కడే ఉండేవాడు. డెబ్బై ఆరేళ్లు. ఆయన కూడా ఆ ఉప్పు గనిలో పనిచేసినవాడే. నేను నేర్చుకున్న మొదటి జర్మన్ మాటలు ఆయన తిట్లే. చెత్తడబ్బా తప్పు రంగుదైతే తిట్టేవాడు. ఆదివారం గాజుసీసాలు పారేస్తే తిట్టేవాడు. పోపు వాసన గోడ దాటి వస్తోందని చీటీ రాసి తలుపుకు అంటించేవాడు. నేను ఆ చీటీలను ఒక్కో మాట ఫోనులో వెతుక్కుంటూ చదివేదాన్ని. అలా ఏడాది తిరిగేసరికి నాకు వచ్చిన జర్మన్ ఎంతో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

మామయ్య ఆయన గనివాడని వినగానే పెదవి విరిచాడు.

"ఉప్పు తవ్వినోడు గూడ గనిపనోడేనా? కూరలెయ్యనీకి తవ్విండా ఏంది?"

"బాపూ, మెల్లగ. ఆయనకు వినబడ్తది" అన్నాడు మా ఆయన జితేంద్ర.

"వినబడితే ఏమైతది? తెలుగొస్తదా వానికి?"

క్రామర్ కూడా తక్కువేం కాదు. ఏప్రిల్‌లో ఒకరోజు మామయ్య పెరట్లో నిలబడి దగ్గాడు. ఆయనకు ముప్పై ఏళ్లుగా ఉన్న దగ్గు అది, బొగ్గుదుమ్ము దగ్గు. క్రామర్ కంచె అవతలి నుంచి చేత్తో దూరంగా పో అన్నట్టు చూపించి, మర్నాడు పంచాయతీవాళ్లకు ఫోన్ చేశాడు. ఇద్దరు యూనిఫాం మనుషులు వచ్చి గుమ్మం బయటే నిలబడి, ఇంట్లో ఎందరుంటారు, ముసలాయన ఎప్పుడొచ్చాడు, వీసా ఏది అని అడిగి పోయారు. రొట్టెల దుకాణం ఆవిడ ఆ వారం నుంచి నన్ను గుమ్మంలోనే ఆపి, డబ్బులు గిన్నెలో పెట్టమనేది. నా తర్వాత వచ్చినవాళ్లు లోపలికి పోవడం నేను చూసేదాన్ని.

మామయ్య సంగతి కొంచెం చెప్పాలి. పంతొమ్మిదో ఏట బదిలీ ఫిల్లర్‌గా, అంటే ఎవరైనా రాని రోజున పని దొరికే కూలీగా, బాయిలోకి దిగాడు. టబ్బుల్లో బొగ్గు నింపడంతో మొదలుపెట్టి, మూడుసార్లు పరీక్ష రాసి సర్దార్ అయ్యాడు. సర్దార్ అంటే షిఫ్టులో పనివాళ్ల కంటే ముందు లోపలికి పోయి, పైకప్పు నిలుస్తుందా లేదా చూసి చెప్పే మనిషి. చూడడమంటే కళ్లతో కాదు. చేతిలో ఒక కర్ర ఉంటుంది, దాని చివర ఇత్తడి పొన్ను. దాంతో కప్పును తట్టి వినాలి. గట్టి రాయి ఖణేల్‌మంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే కుండను తట్టినట్టు బోలుగా పలుకుతుంది. దాన్ని వాళ్లు డొల్ల అంటారు. డొల్ల పలికితే దిమ్మెలు పెట్టి కప్పు నిలపాలి, లేదా ఎవరినీ లోపలికి పోనీయకూడదు. మామయ్యకు ఎడమ చెవి పేలుళ్లకు పోయింది. కుడి చెవితోనే ముప్పై ఏళ్లు విన్నాడు.

ఒకసారి మామయ్య గాలరీ, అంటే బాయి లోపలి సొరంగం, మొదట్లో ఆ కర్ర అడ్డంపెట్టి కూర్చున్నాడట. నలభై మందిని లోపలికి పోనివ్వలేదు. పైవాళ్లు వచ్చి చూసి, కప్పు బ్రహ్మాండంగా ఉంది, నువ్వు భయపడి షిఫ్టు పాడుచేశావన్నారు. చార్జిషీటు ఇచ్చి పదిహేను రోజులు ఇంట్లో కూర్చోబెట్టారు. ఆ కప్పు ఆ రోజు పడలేదు. మర్నాడు పడలేదు. ఆ గాలరీ మూసేసేదాకా అసలు పడలేదు. కాలనీ మొత్తం ఆయనకు పిరికి కనకయ్య అని పేరు పెట్టింది. జితేంద్ర అప్పుడు ఆరో తరగతి. బడిలో అతన్ని పిరికోని కొడుకా అని పిలిచేవారట. ఇది నాకు మామయ్య చెప్పలేదు. పెళ్లయిన కొత్తలో మా ఆయనే చెప్పాడు, నవ్వకుండా.

అందుకే జూన్‌లో జరిగింది అలా జరిగింది.

ఆఫీసు ఇంటి నుంచే అయ్యాక జితేంద్రకు ఇల్లు కొనాలనే పట్టుదల పుట్టింది. అంతకుముందు మాగ్డెబర్గ్‌లో రెండు చోట్ల పేరు వినగానే ఇల్లు ఇప్పుడే పోయిందన్నారు. అద్దెకు ఇమ్మని ఇంకొకరిని బతిమాలే పని లేకుండా ఉండాలని అతని కోరిక. క్రామర్ ఎడమ సగం అమ్ముతానన్నాడు. మేమంటే గిట్టని మనిషి మాకే ఎందుకు అమ్ముతున్నాడు అని నాకు అనిపించింది. అడగలేదు.

కొంటున్నారని తెలిసి మామయ్య బేస్‌మెంట్‌లోకి దిగాడు. చేతిలో కర్ర లేదు. పైకొచ్చి పెరట్లో గోడకు ఆనించి ఉన్న చీపురు చూశాడు. పొడుగు కర్ర, గట్టి చెక్క. చీపురు ఊడదీసి కర్ర పట్టుకుపోయాడు. అది క్రామర్ చీపురు.

నేల తట్టాడు. గోడ తట్టాడు. మళ్లీ నేల తట్టాడు. మధ్యాహ్నం ఒంటిగంట, ఇక్కడ చప్పుడు చేయకూడని వేళ. ఐదు నిమిషాలకే క్రామర్ మా బేస్‌మెంట్ మెట్ల మీద ఉన్నాడు, మాస్కు గడ్డం కిందికి జారి, ముఖం ఎర్రగా.

"నా చీపురు! దొంగలు! రూహెట్‌సైట్! ఇప్పుడు రూహెట్‌సైట్ తెలుసా మీకు?"

"ఏమంటుండు ఈ ఉప్పోడు?" అన్నాడు మామయ్య, నేలకు చెవి ఆనించి.

"చప్పుడు చేయొద్దంట బాపూ. చీపురు ఇచ్చెయ్."

"చీపురు ఆడ పడ్డది, తీసుకొమ్మను. కర్ర నాకు పని ఉంది." మళ్లీ తట్టాడు. ఆ మూల, నడిమి గోడ దగ్గర, చప్పుడు మారింది. నాకు కూడా వినబడింది. ఖాళీ డ్రమ్ము మూత మీద కొట్టినట్టు.

నేను మెట్ల పక్కన నిలబడి ఉన్నాను కాబట్టి క్రామర్ ముఖం చూశాను. అరుస్తున్న మనిషి ఆ చప్పుడుకు ఆగిపోయాడు. నోరు తెరిచే ఉంది. చూపు మామయ్య మీద కాదు, కర్ర కొస మీద ఉంది. తర్వాత వెనక్కి తిరిగి మెట్లెక్కాడు. చీపురు తీసుకోలేదు.

"కింద నేల కొట్టుకపోయింది" అన్నాడు మామయ్య. "లోతు కాదు, ఇగో ఈడనే. కొనకు."

"నువ్వు మళ్ల మొదలువెట్టినవా?" అన్నాడు జితేంద్ర. "నీకు అన్ని కప్పులూ పడ్తయ్. ఆడ పడలే, ఈడ పడదు. నూరేండ్ల సంది నిలబడ్డ ఇల్లు ఇది."

"పడలే అంటే గట్టిగున్నట్టు కాదురా. ఇంక పడలే అన్నట్టు."

"నీ వల్ల నేను బడిల తల ఎత్తలే. ఇప్పుడు ఈ దేశంల గూడ ఎత్తనియ్యవా?"

మామయ్య కర్ర గోడకు ఆనించి పైకి పోయాడు. ఆ రోజు నుంచి తండ్రీకొడుకులు మాట్లాడుకోవడం మానేశారు. అన్నం తినే వేళలు కూడా వేరయ్యాయి. ఒకరికి ఏం కావాలన్నా నాతో చెప్పేవారు. "మీ మామకు చెప్పు, వీసా ఆఫీసుల అపాయింట్‌మెంట్ దొరికింది, గురువారం పోవాలె." "మీ ఆయనకు చెప్పు, నాకు వీసా వద్దు, విమానం కావాలె." అద్దె ఇంట్లో గోడ ఒకటైతే, మా ఇంట్లో నేను రెండో గోడ.

క్రామర్ ముఖం మాత్రం నన్ను వదల్లేదు. జులై, ఆగస్టు రెండు నెలలు వంటింటి కిటికీలోంచి ఆయన్ని చూశాను. వేరే పనేం ఉంది? ఆయనకు పెరటి చివర రేకుల షెడ్డు ఉంది. రోజూ రెండుసార్లు పోతాడు. వెనక తలుపు నుంచి షెడ్డుకు తిన్నగా పోతే పన్నెండు అడుగులు. ఆయన ఒక్కసారి కూడా తిన్నగా పోలేదు. కంచె పక్కనుంచి చుట్టూ తిరిగి పోయేవాడు, వానలో కూడా, చేతిలో బరువున్నా. కంచె పక్కన గడ్డి అరిగి బాట పడింది. పెరటి నడుమ గడ్డి మోకాలెత్తు పెరిగింది. మిగతా ఇళ్లవాళ్ల గడ్డి ఒక సెంటీమీటరు పెరిగితే చీటీలు రాసే మనిషి, తన పెరటి నడుమకు గడ్డి మిషను తీసుకుపోడు.

ఆగస్టు ఆఖర్లో ఒక రాత్రి భోజనాలయ్యాక మా ఆయనకు చెప్పాను.

"ఆయన పెరట్ల నడుమకెళ్లి నడవడండి."

"నడవకపోతే?"

"ఎందుకో అడగరాదా?"

"ఒకాయన కర్రవట్టి తట్టుడు, ఒకామె కిటికీలకెళ్లి చూసుడు. మంచిగ కుదిరిన్రు మీ ఇద్దరు." అతను ఫోను తీసుకొని పక్కగదిలోకి పోయాడు.

నోటారు దగ్గర అపాయింట్‌మెంట్ అక్టోబర్ పద్నాలుగున పడింది. ఇక్కడ ఇల్లు కొనాలంటే నోటారు అనే న్యాయాధికారి ముందు కాగితం మొత్తం పైకి చదవాలి, ఒక్క వాక్యం వదలకుండా. కొనేవాళ్లు, అమ్మేవాడు విని, సంతకం చేయాలి. మా ఇద్దరి పేరునా కొంటున్నాం కాబట్టి నేనూ పోవాలి. స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చిన కారులో జితేంద్ర నాతో అన్నాడు: "నీకు జర్మన్ అర్థమైతదా అని అడుగుతరు. అయితదని తల ఊపు. లేకుంటే దుబాసి కావాలంటరు, మళ్ల నెల ఆగాలె." వెనక సీట్లో మామయ్య కూర్చున్నాడు. ఇంట్లో ఒక్కడే ఉండనని వచ్చాడు. లోపలికి రానివ్వరు కాబట్టి కారులోనే ఉండిపోయాడు.

గదిలో కిటికీలు బార్లా తెరిచారు. చలి. అందరం మాస్కులతో, మనిషికీ మనిషికీ మధ్య ఖాళీ కుర్చీతో కూర్చున్నాం. నోటారు సన్నటి ఆడమనిషి. అర్థమవుతుందా అని అడిగింది. తల ఊపాను. అది అబద్ధం కాదు, మా ఆయనకే తెలియదు.

ఆమె చదువుతూ పోయింది. క్రామర్ టోపీ మోకాళ్ల మీద పెట్టుకొని నేల చూస్తున్నాడు. ఏడో పేజీలో, అమ్మేవానికి తెలిసిన దాచిన లోపాలేవీ లేవు, నేలలో గానీ కట్టడంలో గానీ, అని వచ్చింది. ఆమె పేజీ తిప్పబోయింది.

నేను చెయ్యెత్తాను. బడిలో కూడా ఎప్పుడూ ఎత్తలేదు.

"ప్రశ్న ఉంది" అన్నాను జర్మన్‌లో. జితేంద్ర నా వైపు తిరిగాడు. "హెర్ క్రామర్, మీరు పెరటి నడుమ ఎందుకు నడవరు?"

నోటారు కలం కింద పెట్టింది. "ఆవిడ ఏమంటున్నారు?" అని క్రామర్‌ను అడిగింది.

"అది నా అలవాటు" అన్నాడాయన.

"అయితే ఒకసారి నడవండి" అన్నాను. "మేం కంచె ఇవతల నిలబడి చూస్తాం. నడిస్తే సంతకం చేస్తాను."

నా వాక్యంలో తప్పులుండి ఉంటాయి. ఆయనకు అర్థం కావడానికి అవి అడ్డు రాలేదు. కళ్లద్దాలు తీశాడు, తుడవలేదు. నోటారు మెల్లగా, మీకు తెలిసిందేమైనా ఉంటే ఇప్పుడు చెప్పాలి, తర్వాత తెలిస్తే కోర్టు ఊరుకోదు అంది. ఆయన టోపీ పెట్టుకొని లేచాడు. "అమ్మను" అన్నాడు. నా కుర్చీ పక్క నుంచి పోతూ, నాకు మాత్రమే వినబడేలా ఒక తిట్టు తిట్టాడు. ఆ తిట్టు అదివరకు చీటీల్లో ఎప్పుడూ రాయలేదు.

కారు ఎక్కాక జితేంద్ర స్టీరింగ్ పట్టుకొని, "ముప్పై మంది ముందట పరువు తీసినట్టయింది" అన్నాడు. గదిలో ఉన్నది నలుగురమే.

"ఏమైంది?" అన్నాడు వెనకనుంచి మామయ్య.

చెప్పాను. ఆయన మొత్తం విన్నాడు.

"మరి జూన్లనే అడగాల్సింది" అన్నాడు. "నాలుగు నెల్ల సంది నన్ను పిచ్చోన్ని జేసిన్రు."

వారానికి క్రామర్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఇల్లు తన సొంత అవసరానికి కావాలి, జనవరి ఆఖరుకు ఖాళీ చేయాలి. రొట్టెల దుకాణం ఆవిడ గుమ్మంలోకి కూడా రానివ్వడం మానేసింది. ఇళ్లు కూలుతాయని పుకారు పుట్టించింది నేనేనని ఊరంతా అనుకుంటోందని పోస్టు అతను చెప్పాడు. కాలనీలో ఇంకో రెండిళ్లు అమ్మకానికి ఉన్నాయట. నన్ను చూస్తే ముసలమ్మలు కిటికీ తెరలు లాగేవారు. జితేంద్ర ఇంట్లో అవసరమైనంత మాట్లాడేవాడు: ఉప్పు, నీళ్లు, వైఫై.

నవంబర్‌లో ప్రత్యేక విమానంలో మామయ్యకు సీటు దొరికింది. పోయే ముందు రోజు నన్ను బేస్‌మెంట్‌లోకి పిలిచాడు.

"ఏ పిల్లా, గంజి తీస్కరా. కాగితం గూడ."

నడిమి గోడ మీద వెంట్రుకంత పగులు ఉంది. దానికి అడ్డంగా వేలెడు వెడల్పు కాగితం గంజితో అంటించాడు. కాగితం వంకర పోలేదు.

"గోడ కదిలితే ఇది చినుగుతది. చినిగిననాడు సామాన్ల కోసం చూడొద్దు, బయటికి నడవాలె. రోజు పొద్దున చూడు. వానికి చెప్పకు, వాడు చూడడు."

"సరే మామయ్యా."

"పప్పుల చింతపండు తగ్గియ్యి" అని మెట్లెక్కిపోయాడు.

మందమర్రి చేరాక వారానికోసారి ఫోన్ చేసేవాడు. బాగున్నారా అని అడగడు. "కాగితం?" అంటాడు. "మంచిగనే ఉంది" అంటాను. పెట్టేస్తాడు.

జనవరి పదకొండు, సోమవారం. పొద్దున దిగి చూస్తే కాగితం నడుమ చినిగి ఉంది. రెండు ముక్కల మధ్య నా చిటికెన వేలు గోరు పట్టేంత సందు. ముందు రోజు లేదు.

జితేంద్ర ఆఫీసు మీటింగులో ఉన్నాడు. తలుపు తీసి, "కిందికి రావాలె మీరు" అన్నాను. అలా ఎప్పుడూ అనలేదు నేను. కెమెరా ఆపి వచ్చాడు. టార్చి వేసి చూశాడు. ఆ సందులో వేలు పెట్టి చూశాడు. మూలన ఆ చీపురుకర్ర ఇంకా ఉంది. దాన్ని తీసి నేలను ఒక్కసారి తట్టాడు, మళ్లీ తట్టలేదు. పైకి పోయి పాస్‌పోర్టులు, లాప్‌టాప్ సంచిలో వేసుకున్నాడు. మాగ్డెబర్గ్‌లో ఉన్న స్నేహితుడు శశాంక్‌కు ఫోన్ చేసి నాలుగు రోజులకు ఒక గది అడిగాడు. తర్వాత గనుల ఆఫీసుకు ఫోన్ చేశాడు. మనుషులు రావడానికి రెండు రోజులు పడుతుందన్నారు.

"క్రామర్‌కు చెప్పాలె" అన్నాను.

"నేను చెప్ప. నీకు బుద్ధుంటె నువ్వు గూడ చెప్పకు."

నేను పోయి కుడివైపు తలుపు తట్టాను. చాలాసేపటికి తెరిచాడు. మాస్కు లేదు, స్వెట్టరు తిరగేసి తొడుక్కున్నాడు. నా చేతిలో చినిగిన కాగితం ముక్క చూపించాను. "గోడ కదులుతోంది" అన్నాను. "బయటికి రండి."

ఆయన కాగితం చూడలేదు. తలుపు ఇంకొంచెం తెరిచి పక్కకు జరిగాడు. లోపల నడవలో, అదే నడిమి గోడకు అవతలి పక్క, పగులు పొడుగునా తెల్లటి సున్నపు అతుకులు కనబడ్డాయి, అరచేయంత, ఒకదాని కింద ఒకటి. ఒక్కోదాని పక్కన పెన్సిల్‌తో తేదీ. 2004. 2009. 2013. ఆఖరుది పోయిన వేసవిది. అన్నీ నడుమ పగిలి ఉన్నాయి.

"నాకు తెలుసు" అన్నాడు. "పో ఇక్కడినుంచి."

తలుపు వేసి తాళం తిప్పుకున్నాడు.

బస్టాపులో నిలబడ్డాక మామయ్యకు ఫోన్ చేశాను. కాగితం సంగతి, బయటికి వచ్చిన సంగతి చెప్పాను. వాడు వచ్చిండా అని అడిగాడు, కొడుకు గురించి. వచ్చిండు, పక్కనే ఉన్నడు అన్నాను. కొంచెంసేపు దగ్గు వినిపించింది.

"ఆ ఉప్పోడు?"

"రాలే మామయ్యా. లోపట తాళమేసుకున్నడు."

"చేతికర్ర అడ్డం పెట్టేటోడు లేకపాయె ఆడ" అన్నాడు. తర్వాత గట్టిగా, నన్నే తిడుతున్నట్టు, "ఒక్కసారి కొడితె రాకుంటె ఇంకోసారి కొట్టాలె గదనే తలుపు!" అన్నాడు.

బస్సు దూరంగా కనబడుతోంది. జితేంద్ర సంచులు కింద పెట్టాడు. నేను ఫోను అతని చేతికిచ్చి వెనక్కి నడిచాను.